డనాయీ గదిలో ఇంకో స్త్రీ

డనాయీ బొమ్మలు యూరప్ మ్యూజియంలలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టం. మంచం మీద తెల్లటి నగ్నదేహం, పైనుంచి కురిసే బంగారం. ఆ దేహం గురించీ ఆ బంగారం గురించీ వందల ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. చాలా బొమ్మల్లో ఆ గదిలో ఇంకో స్త్రీ కూడా ఉంటుంది. ముసలిది. ఒంటినిండా బట్ట కట్టుకుని, రాలుతున్న నాణేల కోసం ఒడి పట్టుకుని నిలబడి ఉంటుంది. నేను మాట్లాడదలచుకున్నది ఆవిడ గురించి.

ఆవిడని నాకు చూపించింది మా క్లాసులో ఒకమ్మాయి. పురాణాల పాఠంలో భాగంగా టిషన్ వేసిన బొమ్మ తెర మీద వేశాను. వెలుగూ నీడా, రంగుల పొందికా అంటూ నా ధోరణిలో నేను చెప్పుకుపోతున్నాను. "మేడమ్, పనిమనిషిని ఎందుకంత వికారంగా వేశాడు?" అంది వెనక బెంచీలోంచి. వాళ్ళమ్మ నాలుగిళ్ళల్లో పని చేసి చదివిస్తోందని నాకు తెలుసు. అప్పటికి నా దగ్గర ఉన్న పుస్తకాలన్నీ తిరగేస్తే దొరికిన జవాబు, అందానికి వికారం పక్కన ఉంటే అందం ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది అని. అది ఆ పిల్లకి చెప్పదగిన జవాబు కాదు. అందుకే కథ మొదటికి వెళ్ళాల్సి వచ్చింది.

కథ చాలామందికి తెలిసిందే. ఆర్గోస్ రాజు అక్రిసియస్‌కి కొడుకుల్లేరు. డెల్ఫీలో దైవవాణిని అడిగితే, నీకు కొడుకు పుట్టడు, నీ కూతురి కొడుకు చేతిలో నీ చావుంది అని జవాబొచ్చింది. దాంతో కూతురు డనాయీని కంచుతో కట్టిన గదిలో పెట్టి బంధించాడు. దేవతల రాజు జ్యూస్ బంగారు వానగా మారి కప్పులోంచి దిగాడు. పెర్సియస్ పుట్టాడు. రాజు తల్లినీ బిడ్డనీ ఒక పెట్టెలో పెట్టి సముద్రంలోకి తోయించాడు. పెట్టె సెరిఫోస్ దీవికి చేరింది. ఆ తర్వాత కథంతా కొడుకుదే: మెడూసా తల, రెక్కల చెప్పులు, వీరత్వం. చివరికి ఒక ఆటల పోటీలో పెర్సియస్ విసిరిన చక్రం తగిలి తాత చచ్చిపోతాడు.

కూతురి సంతానానికి భయపడి తాళం వేసే మగవాడు మనకి కొత్త కాదు, కంసుడు చేసిందీ చెల్లెలి విషయంలో అదే. దేవుడి వల్ల పుట్టిన బిడ్డ, నీళ్ళ మీద పెట్టె అనగానే కుంతి గుర్తొస్తుంది. కాకపోతే కుంతి ఒడ్డున నిలబడి పెట్టెని వదిలింది. డనాయీ పెట్టె లోపల ఉంది. ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఈ కథకి దొరికే పాత కథనాల్లో క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్ రచయిత ఫెరెసైడీస్ చెప్పింది ఒకటి. ఆయన పుస్తకాలు పోయాయి. మరో కావ్యానికి ఎవరో రాసుకున్న వ్యాఖ్యానంలో ఆయన కథ సారాంశం మిగిలింది. అందులో డనాయీ ఒంటరిగా లేదు. రాజు ఆమెతో పాటు ఆమె దాదిని కూడా భూమి కింద కట్టిన కంచు గదిలో పెట్టాడు. బిడ్డ పుట్టాక ఇద్దరు స్త్రీలూ ఆ సంగతి దాచారు. ఒకరోజు కాదు, ఒక నెల కాదు. పిల్లవాడికి మూడో నాలుగో ఏళ్ళు వచ్చేదాకా దాచారు. ఆడుకుంటున్న పిల్లాడి గొంతు ఒకరోజు పైన రాజు చెవిన పడింది. ఇద్దరినీ రప్పించాడు. దాదిని అక్కడికక్కడే చంపించాడు. కూతుర్ని మాత్రం పెరట్లో ఉన్న జ్యూస్ బలిపీఠం దగ్గరికి తీసుకుపోయి, ఒంటరిగా, ఈ బిడ్డ ఎవరివల్ల పుట్టాడో చెప్పమన్నాడు. ఆమె జ్యూస్ అంది. ఆయన నమ్మలేదు.

ఇది చదివిన రోజు నాకు చాలాసేపు పుస్తకం ముందుకు సాగలేదు. భూమి కింద గదిలో పురుడు పోసింది ఎవరు? పసివాడి ఏడుపు పైకి వినబడకుండా నాలుగేళ్ళు ఆపడం ఎట్లా సాధ్యం? బాలింతకి పథ్యం, బిడ్డకి ఉగ్గు? ఫెరెసైడీస్ ఇవేమీ చెప్పడు, ఆయనకి అవసరం లేదు. కానీ పురిటి గది చూసిన ఏ ఆడదానికైనా ఆ నాలుగేళ్ళూ కళ్ళముందు కదులుతాయి. రాజకుమార్తె ప్రాణానికి దేవుడి పేరు కొంత అడ్డుపడింది, పెట్టె అయినా దొరికింది. దాదికి ఆ మాత్రం విచారణ కూడా లేదు. ఆవిడకి పేరు కూడా లేదు.

గ్రీకులు ఈ కథలో తాళాన్నీ పెట్టెనీ మర్చిపోలేదు, అది చెప్పాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఒక పెద్ద మట్టి పాత్ర ఉంది, క్రీ.పూ. 490-480 ప్రాంతానిది, ట్రిప్టోలెమస్ చిత్రకారుడు అని పరిశోధకులు పిలిచే వ్యక్తి వేసింది. ఒకవైపు మంచం మీద డనాయీ, పైనుంచి చినుకులు. పాత్రని తిప్పితే రెండోవైపు పెట్టె. వడ్రంగి దాన్ని తయారుచేస్తూ ఉంటాడు. రాజు, తల్లీబిడ్డా అక్కడే ఉంటారు. మంచం నుంచి పెట్టెకి దూరం ఒక్క మలుపు. పాత్ర పట్టుకున్న ఎవరైనా రెండూ చూడక తప్పదు. సోఫోక్లీస్ నాటకంలో ఆంటిగనీని బతికుండగా రాతిగుహలో మూసేయడానికి తీసుకుపోతుంటే బృందగానం వాళ్ళు తలుచుకునేది డనాయీనే, ఆమె కూడా ఇట్లాగే వెలుతురుకి దూరమైందని. సైమోనిడీస్ అనే కవి పెట్టెలోపల డనాయీ చేత జోలపాట పాడించాడు. బయట గాలి, కెరటాలు. లోపల చీకట్లో నిద్రపోతున్న పసివాడు. ఆ పాటలో ముక్క ఒకటి మిగిలింది. నాకు తెలిసినంతలో పెట్టెలోపలికి వెళ్ళి చూసిన మగకవి ఆయనొక్కడే. ఇందులో బంగారం ఊసు లేదు.

రోమ్‌కి వచ్చేసరికి పాత్ర ఇక తిరగడం మానేసింది. మంచం ఉన్న వైపే మిగిలింది. దీనికి నాకు దొరికిన అతి భయంకరమైన సాక్ష్యం ఒక హాస్యనాటకం. క్రీ.పూ. 161లో టెరెన్స్ రాసిన 'నపుంసకుడు'. ఖేరియా అనే కుర్రవాడు వీధిలో ఒక అమ్మాయిని చూసి, నపుంసకుడి వేషంలో ఆమె ఉన్న ఇంట్లో జొరబడతాడు. ఆ అమ్మాయి పేరు పాంఫిలా. స్నానం చేసి వచ్చి ఆమె పడుకుంటుంది. దాసీలు తమ స్నానానికి వెళతారు. విసనకర్ర పట్టుకుని వీడొక్కడే మిగులుతాడు. గది గోడ మీద ఒక బొమ్మ ఉంది: డనాయీ ఒడిలోకి కురుస్తున్న దేవుడు. వాడు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటాడు. అంతటి దేవుడే ఈ పని చేస్తే మామూలు మనిషిని, నేను చేయకూడదా అనుకుంటాడు. చేస్తాడు. బయటికి వచ్చి స్నేహితుడితో సంతోషంగా చెప్పుకుంటాడు. ప్రేక్షకులు నవ్వాలి.

స్త్రీల శరీరాల బొమ్మలు చూస్తే ఏమవుతుందని, అదంతా కళే కదా అని వాదించేవాళ్ళతో మనం చాలా చర్చలు చేశాం. ఆ వాదనకి జవాబు రెండువేల ఏళ్ళ కిందట ఒక నాటకకర్త, బహుశా తనకి తెలియకుండానే, రాసిపెట్టాడు. తర్వాత అయిదు వందల ఏళ్ళకి సెయింట్ ఆగస్టిన్ తన 'కన్ఫెషన్స్'లో ఈ ఘట్టాన్ని పట్టుకుని కోప్పడ్డాడు. బడిలో మగపిల్లల చేత ఇవా చదివించడం, వాళ్ళు చెడిపోరా అని ఆయన బాధ. పాంఫిలా గురించి ఆయనకి ఏ బాధా లేదు.

పాంఫిలా ఆ నాటకంలో ఒక్క మాట మాట్లాడదు. చివర ఆమె పౌరుల బిడ్డేనని తేలుతుంది, అదే కుర్రవాడికిచ్చి పెళ్ళి చేస్తారు. మన ఊళ్ళలో పెద్దమనుషులు చేసే పంచాయితీ తీర్పు అన్నమాట. అయితే మాట్లాడే స్త్రీ ఒకరు ఉన్నారు. ఆ ఇంటి దాసి, పిథియాస్. గదిలోంచి బయటికి వచ్చి మండిపడుతుంది. అమ్మాయి బట్టలు చింపాడని, జుట్టు పీకాడని, ఆ పిల్ల ఏడుస్తోంది తప్ప ఏం జరిగిందో చెప్పలేకపోతోందని అరిచేది ఆవిడే. నాటకమంతటిలో దాన్ని నేరమని నేరుగా పిలిచే గొంతు ఒక పనిమనిషిది. మళ్ళీ గదిలో ఇంకో స్త్రీ.

ఇక బంగారం సంగతి. హోరేస్ లాంటి రోమన్ కవులకి ఆ వాన ఒక వేళాకోళం అయింది. కంచు గోడలు దేవుడివల్ల కాదు, లంచం వల్ల తెరుచుకున్నాయని. మధ్యయుగాల్లో కొందరు క్రైస్తవ పండితులు దీన్నే తిరగేసి, డనాయీ బంగారు వానతో గర్భవతి కాగలిగితే కన్య మేరీ ఎందుకు కాకూడదు అని వాదించారు. 1527లో యాన్ హొసార్ట్ వేసిన డనాయీ, ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది, నీలిరంగు వస్త్రంలో అచ్చం మేరీలాగే కూర్చుని ఉంటుంది. పతివ్రత లేకపోతే వేశ్య, ఆ రెండే గదులు. చివరికి లంచం అర్థమే గెలిచింది. డనాయీ డబ్బుకి లొంగిన ఆడది అయ్యాక, అమ్మేవాళ్ళు కూడా ఒకరుండాలి కదా. దాది అట్లా తార్పుడుకత్తె అయింది.

టిషన్ మొదటి డనాయీని 1544-46 మధ్య, పోప్ మనవడు కార్డినల్ అలెస్సాండ్రో ఫర్నీజ్ కోసం వేశాడు. అందులో ముసలావిడ లేదు, మన్మథుడు ఉన్నాడు. ఆ బొమ్మలో స్త్రీకి కార్డినల్ ఇష్టపడిన ఒక వేశ్య ముఖం పెట్టే ఆలోచన ఉందని 1544 నాటి ఒక ఉత్తరం చదివి చరిత్రకారులు అంటారు. తర్వాత స్పెయిన్ యువరాజు ఫిలిప్ కోసం 1553 నాటికి ఇంకొకటి వేసి పంపాడు. ఇప్పుడు లండన్‌లో ఆప్స్లీ హౌస్‌లో ఉన్నది అదేనంటారు. మాడ్రిడ్ ప్రాడోలో ఉన్నది 1560ల నాటిది. వీటిలో మన్మథుడి స్థానంలో ముసలి దాసి వచ్చింది. డనాయీ ఒళ్ళు పాలలాగా ఉంటే ఈమెది కమిలిన గోధుమరంగు. ఎండలో పనిచేసిన చేతులు, బిరుసెక్కిన వీపు, నాణేలకోసం సాచిన ఒడిగుడ్డ. డనాయీకి దేవుడు కనిపిస్తుంటే ఈమెకి డబ్బు కనిపిస్తోందని విమర్శకులు వివరిస్తారు. ప్రేమ పెద్దింటిదానికి, ఆశ పేదదానికి. ఇది మనకి వివరించక్కరలేదు. రామాయణంలో కోరిక కైకది, రాజ్యం భరతుడికి, తిట్లు మాత్రం మంథరకి. వోల్గా 'విముక్త'లో సీత శూర్పణఖనీ అహల్యనీ రేణుకనీ ఊర్మిళనీ కలుసుకుంటుంది. మంథరని కూడా ఎవరైనా కలుసుకుంటే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఆశ.

అయితే గదిలో ఉన్న ఇంకో స్త్రీ ప్రతిసారీ మన పక్షాన నిలబడుతుందని నేను అనడం లేదు. ఆర్తెమీసియా జెంటిలెస్కి దగ్గరికి వస్తే ఆ మాట అనడం కుదరదు. అమెరికాలో సెయింట్ లూయిస్ మ్యూజియంలో చిన్న రాగి రేకు మీద వేసిన డనాయీ ఉంది, 1612 ప్రాంతానిది. అది ఆర్తెమీసియాదా, తండ్రి ఒరాజియోదా అని చాలాకాలం వాదులాడుకున్నారు. మ్యూజియం ఆమె పేరే పెట్టింది. ఇందులో డనాయీ కుడిచేయి పిడికిలి బిగించి ఉంటుంది, వేళ్ళ సందుల్లో నాణేలు. కొందరు దాన్ని సుఖం అంటారు. నాకు ఆ పిడికిలి అట్లా కనిపించదు. వెనకాల దాసి డనాయీ వైపు చూడకుండా పైకి చూస్తూ గుడ్డలో నాణేలు పడుతూ ఉంటుంది.

1612 అంటే రోమ్‌లో విచారణ జరిగిన సంవత్సరం. 1611లో ఆర్తెమీసియాని బలాత్కారం చేసిన అగస్తీనో తాస్సి మీద ఆమె తండ్రి ఫిర్యాదు చేశాడు. నిజం చెబుతోందో లేదో చూడటానికి ఆమె వేళ్ళకే తాళ్ళు బిగించి హింసించారు, చిత్రకారిణి వేళ్ళకి. ఆ విచారణ కాగితాల్లో ఇంకో స్త్రీ ఉంది. తూత్సియా. జెంటిలెస్కిల ఇంట్లో పై వాటాలో అద్దెకున్న ఆవిడ. తల్లిలేని పిల్లకి తోడుగా ఉంటుందని తండ్రి నమ్మాడు. ఆర్తెమీసియా చెప్పిన ప్రకారం, తాస్సి వచ్చినప్పుడు ఆమె తూత్సియా కొడుకు బొమ్మ వేస్తోంది. తూత్సియా అక్కడే ఉంది. వాడు ఆమెని వెళ్ళిపొమ్మన్నాడు. వెళ్ళొద్దని ఆర్తెమీసియా అడిగింది. తూత్సియా వెళ్ళిపోయింది. ఒరాజియో తన ఫిర్యాదులో ఆమెని కూడా కుట్రదారుగా చేర్చాడు. ఆమె తన సాక్ష్యంలో వేరే కథ చెప్పింది. పిల్లలతో అద్దె ఇంట్లో ఉన్న స్త్రీ, పలుకుబడి ఉన్న చిత్రకారుడు పొమ్మంటే ఎందుకు పోయిందో ఊహించడం కష్టం కాదు. క్షమించడం ఆర్తెమీసియాకి తప్ప ఇంకెవరికీ చెందిన పని కాదు. ఆ రాగిరేకు మీద వీపు తిప్పిన దాసిని చూసినప్పుడల్లా నాకు తూత్సియా గుర్తొస్తుంది. జీవితచరిత్రని బొమ్మలోకి లాగకూడదని కళాచరిత్రకారులు కోప్పడతారు. పడనివ్వండి.

ఇప్పుడు రెంబ్రాంట్. ఆయన డనాయీ కూడా హెర్మిటేజ్‌లోనే ఉంది, ఆ మట్టి పాత్ర ఉన్న మ్యూజియంలోనే. మా తరం వాళ్ళు చాలామంది దాన్ని మొదటిసారి చూసింది విశాలాంధ్రలో చవగ్గా దొరికిన సోవియట్ ఆల్బమ్‌లలో. 1636లో మొదలుపెట్టి, 1640లలో మళ్ళీ చాలా మార్చాడు. నాణేలు లేవు, వెలుతురు మాత్రమే ఉంది. మంచం తల దగ్గర చేతులు కట్టేసి ఉన్న బంగారు మన్మథుడు ఏడుస్తూ ఉంటాడు. ఈ స్త్రీ డనాయీయే అని చెప్పడానికి 1933లో ఎర్విన్ పానోఫ్‌స్కీ ఆ కట్టేసిన మన్మథుడినే ఆధారంగా తీసుకున్నాడు. తాళాన్ని గుర్తుంచుకున్న అరుదైన డనాయీ ఇది. వెనకాల తెర దగ్గర ముసలి దాసి. ఆమెలో ఆబ లేదు.

ఎక్స్-రే తీస్తే కింద ఇంకో ముఖం బయటపడింది. మొదట వేసింది భార్య సాస్కియా పోలికలతో అనీ, 1642లో ఆమె చనిపోయాక దాని మీద గీర్ట్యే డిర్క్స్ పోలికలు వచ్చాయనీ పరిశోధకులు భావిస్తున్నారు. గీర్ట్యే ఎవరు? ఓడలో బాకా ఊదేవాడి వితంతువు. తల్లి పోయిన పసివాడు టైటస్‌ని పెంచడానికి రెంబ్రాంట్ ఇంటికి వచ్చిన దాది.

డనాయీ ముఖం మీదికి దాది వచ్చింది! కానీ ఆ ఇంటి కథ ఎట్లా నడిచిందో చూడండి. రెంబ్రాంట్ ఆమెతో కలిసి ఉన్నాడు, సాస్కియా నగలు ఇచ్చాడు. 1648 జనవరిలో గీర్ట్యే వీలునామా రాసి తన సొత్తుకి టైటస్‌నే వారసుణ్ణి చేసింది. ఇంట్లోకి కొత్త పనిమనిషి హెండ్రిక్యే స్టోఫెల్స్ వచ్చింది. గీర్ట్యే బయటికి పోవాల్సి వచ్చింది. పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చాడని 1649లో ఆమ్‌స్టర్‌డామ్ వివాహ తగాదాల న్యాయమండలిలో దావా వేసింది. రెంబ్రాంట్ తరఫున హెండ్రిక్యే సాక్ష్యం ఇచ్చింది. ఏడాదికి 200 గిల్డర్ల భరణం ఇవ్వాలని తీర్పు వచ్చింది. నగలు తాకట్టు పెట్టిందన్న కోపంతో, 1650లో రెంబ్రాంట్ ఆమె సొంత అన్నదమ్ముడు, ఓడల వడ్రంగి పీటర్‌ని కలుపుకుని, ఆమె నడవడి మంచిది కాదని ఇరుగుపొరుగుల చేత చెప్పించి, హౌడా ఊళ్ళోని స్త్రీల దిద్దుబాటు గృహంలో పెట్టించాడు. నూలు వడికే ఇల్లు అంటారు దాన్ని. వడ్రంగి కూడా కథలో ఉన్నాడు, గమనించారా. పన్నెండేళ్ళు ఉంచాలని ప్రయత్నం. హెండ్రిక్యేకి మాత్రం ఏం దక్కింది? 1654లో గర్భవతిగా ఉండగా, పెళ్ళి లేకుండా చిత్రకారుడితో ఉంటోందని చర్చి పెద్దలు పిలిచి ఆమెనే శిక్షించారు, అతన్ని కాదు.

ఈ బొమ్మ మీద 1985 జూన్ 15న ఒకడు సల్ఫ్యూరిక్ యాసిడ్ పోశాడు, కత్తితో రెండుసార్లు కోశాడు. వాడికి మతిస్థిమితం లేదని తర్వాత తేల్చారు. ముఖం, జుట్టు, కుడిచేయి, కాళ్ళు ఎక్కువ కాలిపోయాయి. రంగు కరిగి కిందికి కారింది. కాన్వాస్‌ని నిలువుగా ఉంచి నీళ్ళు చల్లుతూనే ఉన్నారు. బాగుచేయడానికి పన్నెండేళ్ళు పట్టి 1997లో మళ్ళీ గాజు వెనక పెట్టారు. కాన్వాస్‌కి నొప్పి ఉండదు, నాకు తెలుసు. కానీ 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన తర్వాత, ముఖం మీద నీళ్ళు చల్లుతూ ఉండటం అనే ఆ వివరాన్ని నేను కళకి సంబంధించిన వివరంగా చదవలేకపోతున్నాను.

గీర్ట్యే దగ్గరికే మళ్ళీ వస్తాను. ఆమెని హౌడాకి తీసుకుపోవడంలో రెంబ్రాంట్‌కి సాయపడింది ఒక స్త్రీ, కోర్నేలియా యాన్స్ అనే కసాయి భార్య. ఆమెని అక్కడినుంచి బయటికి తెచ్చింది కూడా స్త్రీలే. ఎడామ్ ఊరి నుంచి ట్రైన్ యాకోబ్స్ అనే స్నేహితురాలు పూనుకుంది. హౌడా వెళ్ళబోయే ముందు ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ ఇంటికి వెళ్ళి, విడిపించడానికి పోతున్నానని మొహంమీదే చెప్పింది. ఆయన వేలు చూపించి, వెళితే పశ్చాత్తాపపడతావని బెదిరించాడు. ఈ సంగతి ఆమే 1656లో అధికారుల ముందు చెప్పి రాయించింది. ఆమె హౌడా వెళ్ళింది. 1655లో, అయిదేళ్ళ తర్వాత, గీర్ట్యే బయటికి వచ్చింది.